పాత పిస్టల్, కొత్త మ్యాగజైన్: ఏది దేనిలో పనిచేస్తుంది?

గుణుపురం నుంచి మీరు అడిగిన విషయాన్ని ముందుగా నాకు అర్థమైన మేరకు నాలుగు మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే ఇటువంటి వ్యవహారాల్లో ప్రశ్న తిన్నగా కుదిరితేనే సమాధానమూ తిన్నగా వస్తుంది. మీ నాన్నగారి తదనంతరం వారసత్వంగా మీ లైసెన్సు మీదికి మారిన .32 వాల్తర్ పీపీ పిస్టల్ మీ దగ్గర ఉంది. దానితో వచ్చిన ఒకే ఒక్క మ్యాగజైన్ పెదవులు, అంటే తూటాను పట్టి ఉంచే పై అంచులు, విచ్చుకుపోయి, తూటా పైకి ఎగదన్నుతోంది. జయపురంలో ఉన్న మీ బావగారి దగ్గర అదే కంపెనీ పీపీకే పిస్టల్ ఉంది కనుక ఆ మ్యాగజైన్ తెచ్చి వేసుకోవచ్చా అన్నది మొదటి ప్రశ్న. బరంపురంలో ఒక దుకాణదారు చూపించిన పీపీకే/ఎస్ మ్యాగజైన్ కొనవచ్చా అన్నది రెండవది. ఈ రెండూ కుదరకపోతే పాత మ్యాగజైన్ పెదవులను పట్టకారుతో నొక్కి సరిచేసుకోవచ్చా అన్నది మూడవది. "కంపెనీ ఒకటే, క్యాలిబర్ ఒకటే, ఎందుకు పట్టదు?" అని మీ బావగారు అన్నారని కూడా రాశారు.

మీ బావగారి మాటతోనే మొదలుపెడతాను. సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, ఉన్నన్నాళ్ళూ, ఆ తరువాత పర్లాకిమిడిలో స్థిరపడి తెలిసినవారి తుపాకులు చూసిపెడుతున్న ఈ ఏళ్ళలోనూ నేను ఎక్కువసార్లు విన్న మాట అదే, ఎక్కువసార్లు తప్పని తేలిన మాటా అదే. మ్యాగజైన్‌ను చాలామంది తూటాలు దాచుకునే డబ్బా అనుకుంటారు. నిజానికి అది పిస్టల్ యంత్రాంగంలో కదిలే భాగం. తూటాను ఏ ఎత్తులో, ఏ వాలులో, ఏ క్షణంలో స్లయిడ్‌కు, అంటే పిస్టల్ పైన ముందువెనకలకు కదిలే భాగానికి, అందించాలో నిర్ణయించేది ఫ్రేమూ కాదు, బ్యారెలూ కాదు, ఆ రేకు గొట్టం పైన వంచిన రెండు పెదవులు. అందువల్ల పిడిలోకి దూరినంత మాత్రాన సరిపోయిందని అనుకోవడం, చెప్పులోకి కాలు దూరింది కనుక నడక సాగుతుందని అనుకోవడం వంటిదే.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. పాత మ్యాగజైన్ కొత్త పిస్టల్‌లో పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న, కొత్త మ్యాగజైన్ పాత పిస్టల్‌లో పనిచేస్తుందా అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి అవునని జవాబు వస్తే రెండవదానికీ అవుననే వస్తుందన్న నియమం ఏదీ లేదు. ఈ రెండింటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడగడం వల్లే దుకాణాల్లోనూ, రేంజిల్లోనూ, చివరకు ఆయుధాగారాల్లోనూ సగం గందరగోళం పుడుతోంది.

ఇప్పుడు మీ పిస్టల్ సంగతి. వాల్తర్ పీపీ 1929లో వచ్చింది. దాని పిడినీ బ్యారెల్‌నూ కాస్త పొట్టి చేసి 1930ల తొలినాళ్ళలో పీపీకే తెచ్చారు. .32లో పీపీ మ్యాగజైన్ 8 తూటాలు పడుతుంది, పీపీకే మ్యాగజైన్ 7 మాత్రమే పడుతుంది. ఆ ఒక్క తూటా తేడాలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. పీపీకే మ్యాగజైన్ గొట్టం పొట్టిది, మీ పీపీ పిడి పొడవైనది. మ్యాగజైన్‌ను లోపలికి తోస్తే దాని అడుగు ప్లేటు పిడి అడుగు అంచుకు తగిలి ఆగిపోతుంది, పైన పెదవులు చేరవలసిన ఎత్తుకు చేరవు, మ్యాగజైన్‌ను పట్టి ఉంచే క్యాచ్ తన గాడిలో పడదు. బలం ఉపయోగించినా ఉపయోగం లేదు. కాబట్టి బావగారి మ్యాగజైన్ మీకు పనికిరాదు. అయితే మీ పీపీ మ్యాగజైన్ బాగున్న రోజుల్లో బావగారి పీపీకేలో పెట్టి ఉంటే అది పట్టేది, అడుగున కొంత భాగం బయటికి పొడుచుకు వచ్చినా తూటాలు సవ్యంగానే అందేవి. పైన చెప్పిన ఒకవైపు దారి అంటే ఇదే.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒకసారి అర్థమైతే మోడళ్ళ జాబితాలు కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదు కనుక ఇక్కడ కొంచెం నిలబడతాను. మ్యాగజైన్‌ను పట్టి ఉంచే క్యాచ్ స్థూలంగా రెండు చోట్ల ఉంటుంది. మీ వాల్తర్‌లో మాదిరిగా ట్రిగ్గర్ గార్డు వెనక పక్కన బటన్ ఉండి, గొట్టం పై భాగంలో ఉన్న గాడిలో క్యాచ్ పడే ఏర్పాటు ఒకటి. పిడి అడుగున, వెనక వైపు ఒక కొక్కెం ఉండి అది మ్యాగజైన్ అడుగు అంచును పట్టుకునే ఏర్పాటు రెండవది. మొదటి రకంలో కొలత పైనుంచి మొదలవుతుంది: గాడికీ పెదవులకూ మధ్య దూరం సరిగా ఉంటే చాలు, కింద గొట్టం ఎంత పొడవున్నా పైన పని జరిగిపోతుంది. రెండవ రకంలో కొలత కిందినుంచి మొదలవుతుంది: అడుగు ఎక్కడ ఆగితే అక్కడినుంచి పైకి లెక్క, కనుక పొడవులో ఏ కొంచెం తేడా ఉన్నా పెదవులు ఉండవలసిన చోట ఉండవు.

మన ప్రాంతంలో పాత కుటుంబాల్లో ఇంకా కనిపించే ఎఫ్‌ఎన్ బ్రౌనింగ్ పిస్టళ్ళు ఈ రెండవ రకానికి మంచి ఉదాహరణ. 1910 మోడల్ .32లో 7 తూటాల మ్యాగజైన్‌తో వచ్చింది. యుగోస్లావియా కోరిక మీద దాని బ్యారెల్‌నూ పిడినీ పెంచి చేసిన 1922 మోడల్ మ్యాగజైన్ అదే .32లో 9 తూటాలు పడుతుంది. రెండింటి లోపలి పనితనం దాదాపు ఒకటే, పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. అయినా రెండింటి క్యాచ్‌లూ పిడి అడుగునే ఉన్నాయి కనుక 1922 మ్యాగజైన్ 1910లో పెడితే అడుగు కొక్కేనికి అందకుండా కిందికి వేలాడుతుంది, పట్టదు. 1910 మ్యాగజైన్ 1922లో పెడితే పై తూటా స్లయిడ్‌కు అందనంత కిందనే ఉండిపోతుంది. వాల్తర్‌లో కనీసం ఒక దిక్కున కుదిరిన ఏర్పాటు బ్రౌనింగ్‌లో ఏ దిక్కునా కుదరకపోవడానికి కారణం కంపెనీలో లేదు, క్యాచ్ ఉన్న చోటులో ఉంది.

పొడవైన మ్యాగజైన్ పొట్టి పిడిలో పట్టినప్పుడు కూడా ఒక ప్రమాదం పొంచి ఉంటుందని మీ బావగారికి చెప్పండి. స్లయిడ్ వెనక్కి నిలిచి ఉన్న స్థితిలో అటువంటి మ్యాగజైన్‌ను అరచేత్తో బలంగా కొడితే, అడుగు ప్లేటును ఆపడానికి పిడి అంచు అక్కడ ఉండదు కనుక అది అవసరానికి మించి పైకి వెళ్ళి, పేలిన గుల్లను బయటికి తన్నే ఎజెక్టర్‌ను తాకుతుంది. ఎజెక్టర్ వంగినా, విరిగినా పాత పిస్టళ్ళకు ఆ భాగం దొరకదు. కాబట్టి అలా వాడవలసి వస్తే స్లయిడ్ మూసి ఉన్నప్పుడే మ్యాగజైన్ పెట్టాలి, అది కూడా నెమ్మదిగా తోసి క్లిక్ వినగానే ఆపాలి.

ఇక బరంపురం దుకాణంలో చూసిన పీపీకే/ఎస్ మ్యాగజైన్. 1968లో అమెరికా తెచ్చిన తుపాకుల చట్టం ప్రకారం పీపీకే ఎత్తు చాలకపోవడంతో, పొడవైన పీపీ ఫ్రేము మీద పొట్టి పీపీకే స్లయిడ్‌ను పెట్టి ఆ మార్కెట్టు కోసం చేసిన మోడల్ పీపీకే/ఎస్. పేరులో పీపీకే అని ఉన్నా దాని పిడి పీపీదే. అందువల్ల దాని .32 మ్యాగజైన్ 8 తూటాలది, మీ పీపీకి పొడవులో సరిపోయేది. చిత్రం ఏమిటంటే, పేరు చూసి నమ్మిన బావగారి మ్యాగజైన్ పనికిరాలేదు, పేరు చూసి మీరు సందేహించిన ఈ మ్యాగజైన్ పనికివచ్చే అవకాశమే ఎక్కువ.

అవకాశం అని మాత్రమే అంటున్నాను, ఎందుకంటే ఇక్కడ రెండవ ఉచ్చు ఉంది. ఇదే పీపీకే/ఎస్ .380లో, అంటే 9 మి.మీ. కుర్జ్‌లో కూడా విస్తారంగా తయారైంది. .32 తూటా మొత్తం పొడవు, .380 తూటా మొత్తం పొడవు రెండూ సుమారు 25 మి.మీ.యే కావడంతో రెండు మ్యాగజైన్ల గొట్టాలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఒకే పిడిలోకి రెండూ దూరుతాయి, రెండూ క్లిక్‌మంటాయి. తేడా అంతా వెడల్పులో ఉంది. .32 గుల్ల, అంటే తూటా వెనక భాగపు లోహపు తొడుగు, దాని ఒళ్ళు అడుగు దగ్గర సుమారు 8.6 మి.మీ., దాని అంచు సుమారు 9.1 మి.మీ. .380 గుల్ల సుమారు 9.5 మి.మీ. లావు ఉంటుంది. కనుక .380 మ్యాగజైన్ పెదవుల మధ్య ఖాళీ ఎక్కువ, అందులో మీ .32 తూటాలు వదులుగా కదులుతూ, ఒక్కోసారి రెండేసి పైకి లేస్తూ, మీ పాత మ్యాగజైన్ చేస్తున్న అల్లరినే కొత్తగా చేస్తాయి. దుకాణంలో గొట్టం మీద ముద్రించిన క్యాలిబర్‌ను మీరే స్వయంగా చదవండి. .32కే మిల్లీమీటర్లలో పేరైన 7.65 అని ఉంటే మీది, 9 మి.మీ. కుర్జ్ అనో .380 అనో ఉంటే మీది కాదు. ముద్ర అరిగిపోయి ఉంటే ఎన్ని తూటాలు పడతాయో లెక్కించమనండి: ఆ పొడవు గొట్టంలో .32 అయితే 8, .380 అయితే 7. అమ్మేవారు మోసం చేస్తారని నా ఉద్దేశం కాదు. అసలు దిగుమతులు 1980ల దశకంలోనే ఆగిపోయిన దేశంలో, పాత విదేశీ మ్యాగజైన్ల గురించి అమ్మేవారికి కూడా కొన్నవారికంటే ఎక్కువ తెలియని సందర్భాలు చాలా చూశాను.

పేరు ఎంత నమ్మదగనిదో చెప్పడానికి నేను చేతులు నల్లబడేలా పనిచేసిన ఆయుధం ఒకటి గుర్తుకు వస్తోంది. 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్ నమూనా మీద మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన 9 మి.మీ. 1ఎ పిస్టల్ సైన్యంలో, పోలీసు దళాల్లో దశాబ్దాల పాటు నడిచింది. 9 మి.మీ. మన దేశంలో నిషిద్ధ బోరు కనుక పౌరులకు దానితో పని పడదు, కానీ పాఠం పనికివస్తుంది. ఆ 13 తూటాల మ్యాగజైన్ ఎంత స్థిరమైన నమూనా అంటే, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కెనడాలోని ఇంగ్లిస్ కర్మాగారంలో చేసిన పిస్టల్‌లోనూ, దశాబ్దాల తరువాత బెల్జియంలో చేసిన మార్క్ 3లోనూ అదే పడుతుంది. 2021లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ ఎస్ఏ-35 అన్న పేరుతో తెచ్చిన నకలు 15 తూటాల మ్యాగజైన్‌తో వచ్చినా, పాత హై పవర్ మ్యాగజైన్లను కూడా స్వీకరిస్తుంది. మరుసటి ఏడాది, అంటే 2022లో, హై పవర్‌ను మొదట చేసిన ఎఫ్‌ఎన్ కంపెనీయే అదే పేరుతో కొత్త పిస్టల్ తెచ్చింది. అది 17 తూటాల మ్యాగజైన్‌తో వచ్చింది, పాత మ్యాగజైన్ దానిలో పట్టదు, దానిది పాతదానిలో పట్టదు. పరాయి కంపెనీ వేరే పేరుతో చేసినదానిలో పాత మ్యాగజైన్ పట్టింది, సొంత కంపెనీ సొంత పేరుతో చేసినదానిలో పట్టలేదు. కంపెనీ ఒకటే కదా అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

హై పవర్‌లో పట్టడం వేరు, సరిగా పనిచేయడం వేరు అనడానికి కూడా ఒక సాక్ష్యం ఉంది. అందులో మ్యాగజైన్ లేనిదే పేలకుండా ఆపే రక్షణ ఒకటి పెట్టారు. ట్రిగ్గర్‌కు అనుబంధంగా ఉన్న చిన్న ముక్క మ్యాగజైన్ ముందు ముఖాన్ని నొక్కుతూ, ట్రిగ్గర్ లాగినప్పుడల్లా ఆ ముఖం మీద రాసుకుంటూ కదులుతుంది. ఒకసారి మా దగ్గర ఒకే పిస్టల్ ట్రిగ్గర్ కొన్ని రోజులు నున్నగా, కొన్ని రోజులు గరగరలాడుతూ ఉందని ఫిర్యాదు వచ్చింది. పిస్టల్‌ను రెండుసార్లు పూర్తిగా విప్పి చూసినా దోషం కనిపించలేదు. తీరా చూస్తే ఆ రెండు రోజులకూ మ్యాగజైన్లు వేరు. ఒకటి ఏళ్ళ తరబడి వాడుకలో ముఖం అద్దంలా నునుపు తేలినది, రెండవది గరుకు పూతతో ఉన్న కొత్తది. ఆ రెండవ మ్యాగజైన్‌లో గాడి, పెదవులు, ఎత్తు అన్నీ కొలతకు సరిగ్గా ఉన్నాయి. అయినా ఆ పిస్టల్‌తో దాని కాపురం సవ్యంగా సాగలేదు. ఆనాటినుంచి ఏ పిస్టల్ మీద ఫిర్యాదు వచ్చినా "ఏ మ్యాగజైన్‌తో?" అని ముందు అడగడం అలవాటు చేసుకున్నాను.

గాడి చోటు మారడం వల్ల వచ్చే తేడాలకు బెరెట్టా 92, గ్లాక్ రెండూ ప్రసిద్ధమైనవి. 1970లలో వచ్చిన తొలి బెరెట్టా 92లోనూ, తరువాతి 92ఎస్‌లోనూ మ్యాగజైన్ బటన్ పిడి దిగువన ఉండేది. 92ఎస్‌బీ నుంచి దానిని ట్రిగ్గర్ గార్డు వెనక్కి జరిపారు. గొట్టం అదే, 15 తూటాలూ అవే, గాడి మాత్రం కిందినుంచి పైకి వెళ్ళింది. ఒక్క గాడి ఉన్న మ్యాగజైన్ తన తరం పిస్టల్‌లోనే నిలుస్తుంది, రెండు చోట్లా గాడి ఉన్నది మాత్రమే అటూ ఇటూ పనిచేస్తుంది. గ్లాక్ కథ ఇంకా సున్నితమైనది. 2010లో వచ్చిన నాలుగవ తరంలో మ్యాగజైన్ క్యాచ్‌ను కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి మార్చుకునే వీలు కల్పించి, మ్యాగజైన్లకు రెండు పక్కలా గాళ్ళు పెట్టారు. ఈ కొత్త మ్యాగజైన్లు పాత తరాల్లోనూ పడతాయి. పాత, ఒకే పక్క గాడి ఉన్న మ్యాగజైన్లు కొత్త పిస్టల్‌లో పడతాయి, కానీ క్యాచ్ మామూలుగా కుడిచేతివాటానికి ఉన్నంత వరకే. ఎడమచేతివాటం మనిషి తన కోసం క్యాచ్ మార్చుకున్న మరుక్షణం ఆ పాత మ్యాగజైన్లు నిలవకుండా జారిపోతాయి. నిన్నటిదాకా పనిచేసిన మ్యాగజైన్ ఈ రోజు పనిచేయకపోవడానికి మ్యాగజైన్ మారనక్కరలేదు, పిస్టల్‌లో ఒక ముక్క అటునుంచి ఇటు మారినా చాలు.

ఇటువంటిదే మా ఊళ్ళో ఒకటి జరిగింది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు కదా, ఒక మిత్రుడు తన పాత పిస్టల్ పిడికి పగిలిన ప్లేట్ల స్థానంలో గేదె కొమ్ముతో చక్కని ప్లేట్లు చేయించుకున్నాడు. పనితనం చూడముచ్చటగా ఉంది. మరునాటినుంచి మ్యాగజైన్ సగంలో ఇరుక్కోవడం మొదలుపెట్టింది. మ్యాగజైన్ వంగిందని, కొత్తది వెతికిపెట్టమని నా దగ్గరికి వచ్చాడు. చూస్తే కొమ్ము ప్లేట్లతోపాటు వేసిన కొత్త స్క్రూ పాతదానికంటే రవంత పొడవు, దాని కొస మ్యాగజైన్ గొట్టం నడిచే దారిలోకి పొడుచుకు వచ్చి గీతలు పెడుతోంది. స్క్రూ కొస అరగదీయడంతో వ్యవహారం ముగిసింది. మీ పిస్టల్‌కు కూడా ఎప్పుడైనా పిడి ప్లేట్లు మార్పించి ఉంటే, కొత్త మ్యాగజైన్ పట్టలేదని నిర్ణయించే ముందు ఆ సంగతి చూసుకోండి.

పెదవులను పట్టకారుతో నొక్కవచ్చా అన్న మూడవ ప్రశ్నకు నా జవాబు: వద్దు. మ్యాగజైన్ పెదవులు మామూలు రేకు కాదు, అవి స్ప్రింగు వలె తిరిగి తమ చోటికి వచ్చేలా గట్టిపరచిన ఉక్కు. ఒకసారి విచ్చుకున్నవాటిని చేత్తో నొక్కితే రెండు పెదవులూ సమానంగా లోపలికి రావు, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తుంది. తూటా పక్కకు వాలుతుంది. వంపు మూలలో కంటికి కనిపించని పగులు పుట్టి కొన్నాళ్ళకు అది విరుగుతుంది. సరైన అచ్చు మీద, మంచి మ్యాగజైన్‌ను పక్కన పెట్టుకుని వెర్నియర్‌తో కొలుస్తూ చేసేవారు ఉన్నారు, నేనూ చేశాను, కానీ అలా చేసిన మ్యాగజైన్‌ను సాధనకు మాత్రమే ఇచ్చేవాడిని. ఆత్మరక్షణకు నమ్ముకున్న పిస్టల్‌లో దానిని పెట్టమని నేను ఎవరికీ చెప్పను. గాడిని ఆకురాయితో పెంచడం, అడుగు ప్లేటు అంచు అరగదీసి పొట్టి మ్యాగజైన్‌ను పైకి నెట్టడం వంటివి ఇంకా చెడ్డవి, ఎందుకంటే అరిగించిన లోహాన్ని తిరిగి పెట్టలేము.

అసలు మీ పాత మ్యాగజైన్‌లో దోషం పెదవులదేనా అన్నది కూడా ఒకసారి తేల్చుకోవాలి. .32 తూటాకు ఒక పుట్టుమచ్చ ఉంది: దాని అంచు గుల్ల ఒళ్ళుకంటే కొంచెం వెడల్పు. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. నింపేటప్పుడు పై తూటా అంచు వెనకపడితే, స్లయిడ్ దానిని ముందుకు తోసినప్పుడు అది కింది తూటా అంచుకు తగిలి ముడి పడుతుంది, స్లయిడ్ ఎంత లాగినా కదలదు. దీనిని చాలామంది మ్యాగజైన్ చెడిపోయిందనే అనుకుంటారు. పొట్టి తలతో ఉన్న తూటాలైతే గొట్టంలో ముందువెనకలు కదిలే చోటు ఎక్కువై ఈ బెడద ఎక్కువ. మనకు దొరికే ఖడ్కీ ఫ్యాక్టరీ గుండ్రటి తల తూటాలు పూర్తి పొడవుతో ఉంటాయి కనుక కొంత నయం. మీరు రాసిన లక్షణం, అంటే తూటా ముక్కు పైకి లేవడం, ఒక్కోసారి రెండు తూటాలు కలిసి రావడం, పెదవుల దోషాన్నే సూచిస్తోంది. స్లయిడ్ సగంలో బిగుసుకుపోవడం కూడా జరుగుతూ ఉంటే మాత్రం నింపే తీరు మార్చి చూడండి.

స్ప్రింగు గురించి కూడా ఒక మాట. నింపి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందని మన దగ్గర అందరూ అనుకుంటారు. మంచి స్ప్రింగును అలసిపోయేలా చేసేది నొక్కి ఉంచడంకంటే ఎక్కువగా పదే పదే నొక్కి వదలడం, దానితోపాటు తుప్పు. గోపాలపూర్, బరంపురం వైపు ఉప్పుగాలి సంగతి చెప్పనక్కరలేదు, మీ గుణుపురంలోనూ మా పర్లాకిమిడిలోనూ వానాకాలంలో తోలు ఒరలో పెట్టిన మ్యాగజైన్ నెల తిరిగేసరికి ఎర్రపొడి రాలుస్తుంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది కనుక ఆయుధాన్ని ఒరలో భద్రపరచకండి. మ్యాగజైన్ లోపల నూనె పోయకండి, అది తూటాల అడుగున చేరి నిప్పు పుట్టించే ప్రైమర్లను పాడుచేస్తుంది. నూనె గుడ్డతో తుడిచి, తరువాత పొడి గుడ్డతో మళ్ళీ తుడిస్తే చాలు.

కొత్త మ్యాగజైన్ చేతికి వచ్చాక దానిని ఎలా పరీక్షించాలో నేను చేసే వరుసలోనే చెబుతాను. పిస్టల్ ఖాళీగా ఉందని బ్యారెల్ వెనక తూటా కూర్చునే చాంబర్‌లోకి చూసి, వేలితో తడిమి రూఢి చేసుకోండి, నిజమైన తూటాలను ఆ గదిలోనే ఉంచకండి. ఖాళీ మ్యాగజైన్‌ను తన బరువుతోనే ఎంతవరకు లోపలికి జారుతుందో చూడండి, ఆ తరువాత చేత్తో తోసి క్లిక్ వినండి, అడుగు పట్టుకుని కిందికి లాగి నిలిచిందో లేదో చూడండి. స్లయిడ్‌ను పూర్తిగా వెనక్కి లాగండి: మీ పీపీలో ఖాళీ మ్యాగజైన్ ఉంటే స్లయిడ్ వెనకనే నిలవాలి, ఎందుకంటే మ్యాగజైన్ ప్లాట్‌ఫారం, అంటే తూటాల కింద పైకి లేచే పలక, లోపలి మీటను ఎత్తుతుంది. నిలవకపోతే ప్లాట్‌ఫారం మరొక మోడల్‌ది, లేదా స్ప్రింగు బలహీనమైనది. (1910 బ్రౌనింగ్ వంటివాటిలో ఆ ఏర్పాటే లేదు కనుక అక్కడ ఈ పరీక్ష వర్తించదు.) తరువాత బటన్ నొక్కితే మ్యాగజైన్ అడ్డు లేకుండా బయటికి రావాలి. ఇవన్నీ కుదిరాక పేలని డ్రిల్ తూటాలు ముందు రెండు, తరువాత నిండుగా నింపి చేత్తో స్లయిడ్ ఆడించి చూడండి. మొదటి తూటా, చివరి తూటా ఈ రెండింటి దగ్గరే దోషాలు బయటపడతాయి: మొదటిదాని దగ్గర స్ప్రింగు గరిష్ఠ బిగువుతో ఉంటుంది, చివరిదాని దగ్గర కనిష్ఠ బలంతో ఉంటుంది. చేత్తో ఆడించినప్పుడు కుదిరినది కాల్పుల్లో కుదరకపోవచ్చు, ఎందుకంటే అక్కడ స్లయిడ్ వేగానికి తగినట్టు స్ప్రింగు తూటాను పైకి ఎత్తగలగాలి. కాబట్టి అనుమతి ఉన్న రేంజిలో కనీసం మూడు నాలుగు నిండు మ్యాగజైన్ల తూటాలు ఒక్క ఆటంకం లేకుండా నడిచేవరకు దానిని నమ్మవద్దు. .32 తూటాల ధర తెలిసినవాడిగానే ఈ మాట అంటున్నాను.

కొనే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అన్న మాట నిర్వచనంలోకే ఆయుధ భాగాలు కూడా వస్తాయి. అందువల్ల మ్యాగజైన్‌ను లైసెన్సు ఉన్న దుకాణంలో, మీ లైసెన్సు చూపించి, రసీదుతోనే కొనండి, బస్టాండు దగ్గర ఎవరో తెలిసినవాడు ఇప్పిస్తానంటే వెళ్ళకండి. మీ లైసెన్సు ఒడిశా వరకే చెల్లుబాటయ్యేదైతే పిస్టల్‌ను చంకన పెట్టుకుని విశాఖపట్నం దుకాణాలకు వెళ్ళడం నేరం. మా వాళ్ళకు సరిహద్దుకు అవతల ఆంధ్రలోని పాతపట్నం ఇంటి పెరడు వంటిది కనుక ఈ సంగతి తరచూ మరచిపోతారు, లైసెన్సు మీద రాసిన ప్రాంతం మాత్రం మహేంద్రతనయ నది ఒడ్డున ఎవరి బంధువులు ఎక్కడున్నారో చూడదు. అటువైపు కొనాలనుకుంటే ముందు జిల్లా కార్యాలయంలో చెల్లుబాటు ప్రాంతం పెంచమని దరఖాస్తు పెట్టుకోండి. బరంపురం మీ రాష్ట్రంలోనిదే కనుక ఆ ఇబ్బంది లేదు. వెళ్ళేటప్పుడు పాత మ్యాగజైన్‌ను కూడా తీసుకువెళ్ళి, రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి, గాడి ఎత్తు, పెదవుల మధ్య ఖాళీ, గొట్టం పొడవు ఈ మూడూ పోల్చి చూడండి. పెదవుల ఖాళీ ఒక్కటే తేడాగా కనిపించాలి, ఎందుకంటే చెడినది అదే కదా.

కొన్న తరువాత చేయవలసిన చిన్న పని ఒకటుంది. రెండు మ్యాగజైన్లకూ అడుగు ప్లేటు మీద చెరగని రంగుతో గుర్తులు పెట్టండి, పాతదానికి సాధన అని తెలిసే గుర్తు, కొత్తదానికి వేరొక గుర్తు. ఎన్నికల సమయంలో ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో అప్పగించేటప్పుడు ఇది మరీ అవసరం. కొన్నేళ్ళ క్రితం అలా అప్పగించి తిరిగి తెచ్చుకున్న ఒక పెద్దాయన 1922 బ్రౌనింగ్ మ్యాగజైన్ నుంచి తూటాను అసలు అందుకోవడమే లేదని నా దగ్గరికి తెచ్చారు. ఆ పిస్టల్‌తో ఇచ్చినది 7 తూటాల 1910 మ్యాగజైన్. అదే వారం అక్కడే అప్పగించిన మరొకరి పిస్టల్‌దన్నమాట. ఇద్దరి రసీదుల్లోనూ పిస్టల్ ఒకటి, మ్యాగజైన్ ఒకటి అని మాత్రమే రాసి ఉంది కనుక ఎవరిది ఎవరికి వెళ్ళిందో తేల్చడానికి రెండు నెలలు పట్టింది. మీరు అప్పగించినప్పుడు రసీదులో మ్యాగజైన్ల సంఖ్యతోపాటు ఒక్కొక్కటి ఎన్ని తూటాలది, దాని మీద ఏ గుర్తు ఉంది అన్నది రాయించుకుని సంతకం తీసుకోండి.